డెవలపర్లు, టెక్నికల్ రైటర్ కలిసి డాక్స్ రాయడం: రివ్యూకి పెడితే "బాగుంది" తప్ప ఇంకేమీ రావట్లేదు, ఏం చేయాలి?

ముసాయిదా_మూడు అడిగారు:

సెటప్ ఇదీ. తొమ్మిది మంది డెవలపర్లు, ఒక్క టెక్నికల్ రైటర్. ప్రొడక్ట్ ఒక రెస్ట్ ఏపీఐ (వేరే ప్రోగ్రాములు వెబ్ ద్వారా పిలిచే ఇంటర్‌ఫేస్), దానికో చిన్న అడ్మిన్ కన్సోల్. రెండు వారాల స్ప్రింట్లు. డాక్స్ ప్రస్తుతం వికీలో ఉన్నాయి, గిట్‌లోకి (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్) మార్చే ఆలోచన నడుస్తోంది.

ఫీచర్ సంగతి రైటర్‌కి తెలిసేసరికి కోడ్ మెర్జ్ అయిపోయి (ప్రధాన కోడ్‌లో కలిసిపోయి) ఉంటుంది, రిలీజ్‌కి మహా అయితే రెండు రోజులుంటుంది. హడావిడిగా రాసి రివ్యూకి పెడితే సగం మంది తెరవరు. తెరిచినవాళ్లు "బాగుంది" అని అప్రూవ్ కొట్టేస్తారు, లేదా కూర్చుని వాక్యాలు తిరగరాస్తారు. డిఫాల్ట్ విలువ తప్పు పడిందన్న విషయం మాత్రం కస్టమర్ టికెట్ వేస్తేగానీ బయటపడదు. ఇది చాలదన్నట్టు, రిఫరెన్స్ పేజీలు ఓపెన్‌ఏపీఐ ఫైల్ (ఏపీఐ వివరాలు యంత్రం చదివే రూపంలో ఉండే ఫైల్) నుంచి జనరేట్ అవుతాయి. రైటర్ అందులో వివరణలు దిద్దితే తర్వాతి బిల్డ్‌లో పాతవే తిరిగొస్తున్నాయి.

గిట్‌లోకి మారిస్తే ఇవన్నీ సర్దుకుంటాయా? రివ్యూలో ఎవరు ఏది చూడాలో ఎలా పంచుకోవాలి? నడుస్తున్న పద్ధతులు ఉంటే వివరంగా చెప్పండి.

---

కంపైలర్_కబుర్లు:

గిట్‌కి మారితే సర్దుకోదండీ. వికీలో ఎవరూ చూడని పేజీ గిట్‌లో ఎవరూ చూడని పుల్ రిక్వెస్ట్ (మార్పుని కలపమని రివ్యూకి పెట్టే అభ్యర్థన) అవుతుంది, అంతే. టూల్ సంగతి తర్వాత. ముందు సమాచారం రైటర్ చేతికి ఎప్పుడు అందుతోందో చూడండి.

రైటర్‌ని పిలవాల్సింది డిజైన్ డాక్ దగ్గర. అందులో "వాడేవాళ్లకి ఏం మారుతుంది" అనే విభాగం తప్పనిసరి చేయండి, అరపేజీ చాలు. దీనివల్ల డాక్స్‌కే కాదు, ఏపీఐకీ లాభమే. ఒకే వస్తువుని ఒక ఎండ్‌పాయింట్ (ఏపీఐలో ఒక్కో పనికి ఉండే అడ్రసు) "యూజర్ ఐడీ" అంటుంటే ఇంకోటి "అకౌంట్ ఐడీ" అంటోందని మొదట పట్టుకునేది ఆ రెండిటినీ ఒకే పేజీలో వివరించాల్సిన మనిషే. ఆ దశలో పేరు మార్చడం ఒక కామెంట్‌తో పోతుంది. రిలీజ్ అయ్యాక అదే బ్రేకింగ్ ఛేంజ్, అంటే వాడేవాళ్ల కోడ్ విరుగుతుంది.

టికెట్‌లో "డాక్స్ ప్రభావం" అని ఒక ఫీల్డ్ పెట్టండి. విలువలు మూడే: లేదు, ఉన్న పేజీలో మార్పు, కొత్త పేజీ. డిఫాల్ట్ ఖాళీగా ఉండాలి. "లేదు" అన్నదాన్ని డిఫాల్ట్‌గా పెడితే అందరూ దాన్నే వదిలేస్తారు. ఆ ఫీల్డ్ నింపనిదే టికెట్ పని మొదలైన కాలమ్‌లోకి జరగకుండా చూడండి. కుబెర్నెటిస్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో ఇది ఇంకా గట్టిగా ఉంటుంది: రిలీజ్‌లోకి రావాల్సిన ఎన్‌హాన్స్‌మెంట్‌కి డాక్స్ కావాలంటే, గడువులోగా వెబ్‌సైట్ రెపోలో కనీసం ప్లేస్‌హోల్డర్ పుల్ రిక్వెస్ట్ అయినా తెరిచి ఉండాలి. లేకపోతే ఫీచరే ఆ రిలీజ్ నుంచి జారిపోవచ్చు. జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో కూడా కొత్త ఫీచర్ ప్యాచ్ అంటే టెస్టులతో పాటు డాక్యుమెంటేషన్ కూడా రావాలి.

ఇక డెవలపర్ ఏం ఇవ్వాలి? వ్యాసం అక్కర్లేదు. వ్యాసం అడిగితేనే వాయిదా పడుతుంది. పది లైన్ల నోట్ అడగండి, పొడిపొడిగా ఉన్నా పర్వాలేదు. ఉదాహరణకి లిస్టింగ్ ఎండ్‌పాయింట్‌లో పేజీ సైజు పారామీటర్ చేర్చారనుకోండి, నోట్ ఇలా ఉంటే చాలు:

> పేజీ సైజు. పూర్ణాంకం. ఇవ్వకపోతే 50. గరిష్ఠం 200. 201 ఇచ్చినా ఎర్రర్ రాదు, 200కి కుదిస్తాం. సున్నా, నెగటివ్ ఇస్తే 400 ఎర్రర్. ఆర్కైవ్ చేసిన రికార్డులు లెక్కలోకి రావు. పాత క్లయింట్లకి మార్పు లేదు. వెర్షన్ 3.4 నుంచి. ఫ్లాగ్ వెనక ఉంది.

ఇందులో "201 ఇచ్చినా ఎర్రర్ రాదు" అన్న ముక్క చూడండి. స్పెక్ ఫైల్‌లో గరిష్ఠం 200 అని మాత్రమే ఉంటుంది. అది చూసి రైటర్ "200 దాటితే ఎర్రర్ వస్తుంది" అని రాయడం సహజం. క్లయింట్ ఏమో 500 అడిగి, 200 రికార్డులు అందుకుని, మొత్తం వచ్చేశాయనుకుని లూప్ ఆపేస్తాడు. కోడ్ రాసినవాళ్లకి తప్ప ఇంకెవరికీ తెలియని లైన్లు అవే, నోట్‌లో కావాల్సినవీ అవే: డిఫాల్ట్, హద్దులు, యూనిట్ (సెకన్లా, మిల్లీసెకన్లా), హద్దు దాటితే ఏమవుతుంది, ఏ పర్మిషన్ ఉండాలి, ఏ వెర్షన్ నుంచి.

ఫ్లాగ్ (కోడ్‌లో ఉన్న ఫీచర్‌ని వాడేవాళ్లకి తెరిచే, మూసే స్విచ్) గురించి ఒక మాట. కోడ్ మెర్జ్‌కీ, ఫ్లాగ్ అందరికీ తెరవడానికీ మధ్య వారాలు పట్టొచ్చు. కోడ్‌తో పాటే పేజీ పబ్లిష్ చేస్తే లేని ఫీచర్‌ని జనం వెతుక్కుంటారు. ఫ్లాగ్ తెరిచేదాకా పుల్ రిక్వెస్ట్ ఆపితే కాన్‌ఫ్లిక్టులు పేరుకుంటాయి. పేజీని మెర్జ్ చేసేసి, పేజీ మెటాడేటాలో డ్రాఫ్ట్ గుర్తుతో దాచి ఉంచడం మేలు. ఆ గుర్తు తీసే పనిని ఫ్లాగ్ తెరిచే టికెట్ చెక్‌లిస్టులోనే చేర్చండి, లేకపోతే పేజీ దాగే ఉండిపోతుంది.

---

అల్పవిరామం:

నేను రైటర్ వైపు నుంచి రాస్తున్నాను. "బాగుంది" అన్న జవాబు రావడానికి సగం కారణం అడిగే తీరులోనే ఉంది. 14 పేజీల పుల్ రిక్వెస్ట్ పెట్టి "ఒకసారి చూడగలరా" అంటే ఎవరైనా అదే అంటారు. ఒక రివ్యూకి ఒక పేజీ, దానిమీద మూడు నుంచి ఐదు ప్రశ్నలు, ప్రతి ప్రశ్నా ఫలానా లైన్‌కి కట్టేసి పంపండి. అవును, కాదు, లేదా ఒక సంఖ్య. జవాబు అంతకుమించి అక్కర్లేని ప్రశ్నలైతే అదే రోజు వస్తాయి.

రేట్ లిమిట్ (ఎంతసేపట్లో ఎన్ని రిక్వెస్టులు పంపొచ్చన్న హద్దు; దాటితే వచ్చే ఎర్రర్ కోడ్ 429) పేజీనే తీసుకోండి. రివ్యూకి వచ్చిన వాక్యం ఇలా ఉందనుకుందాం: "రిక్వెస్టులు ఎక్కువైతే సర్వర్ 429 ఇస్తుంది, కాసేపాగి మళ్లీ ప్రయత్నించండి." ఇందులో తప్పేమీ లేదు, అందుకే అప్రూవ్ అవుతుంది. దానిమీద అడగాల్సినవి ఇవి: లిమిట్ ఏపీఐ కీకా, యూజర్‌కా, ఐపీ అడ్రసుకా? లెక్క గడియారం నిమిషం మీదా, గడచిన 60 సెకన్ల మీదా? మళ్లీ ఎప్పుడు ప్రయత్నించాలో చెప్పే రీట్రై-ఆఫ్టర్ హెడర్ పంపుతున్నామా? పంపితే అందులో సెకన్లా, తేదీయా? (హెచ్‌టీటీపీ ప్రమాణం రెండిటినీ ఒప్పుకుంటుంది. క్లయింట్ సంఖ్య అనుకుని పార్స్ చేస్తే తేదీ వచ్చినప్పుడు కూలుతుంది.) 429 వచ్చిన రిక్వెస్టులు కూడా కోటాలో పడతాయా? చివరిదానికి చాలాసార్లు డెవలపర్ కూడా కోడ్ తెరిచి చూడాల్సి వస్తుంది. అలా తెరిపించే ప్రశ్నే మంచి ప్రశ్న.

తెలియని చోట ఖాళీ వదలకండి, మీ అంచనా రాసి పక్కన "నిర్ధారించాలి" అని గుర్తు పెట్టండి. ఖాళీని నింపమంటే వారం పడుతుంది, తప్పు అంచనా కనిపిస్తే పది నిమిషాల్లో దిద్దుతారు. అది మనిషి స్వభావం, వాడుకోండి. కాకపోతే ఆ గుర్తు ఉన్న ఫైల్ మెర్జ్ కాకుండా బిల్డ్‌లో ఒక సెర్చ్ చెక్ ఉండాలి. లేదంటే అంచనాలే పబ్లిష్ అయిపోతాయి.

వాక్యాలు తిరగరాసే జబ్బుకి మందు: రివ్యూ కామెంట్లన్నీ మూడు మాటల్లో ఒకదానితో మొదలవ్వాలి. "తప్పు", "సందేహం", "సూచన". తప్పు అంటే దిద్దనిదే మెర్జ్ లేదు. సందేహానికి జవాబివ్వాలి. సూచన తీసుకోవాలా వద్దా అన్నది రైటర్ ఇష్టం, దానిమీద వాదన లేదు. విషయంలో చివరి మాట డెవలపర్‌ది, చెప్పే తీరులో, వరుసలో చివరి మాట రైటర్‌ది. ఇది ముందే రాసి పెట్టుకుంటే సగం గొడవలు ఉండవు.

ఇందులో రైటర్ల వైపు తప్పూ ఉంటుంది, దాచడమెందుకు. వాక్యం నున్నగా వస్తుందని షరతులు కోసేస్తాం. డెవలపర్ నోట్‌లో "రైట్ అయ్యాక రీడ్ రెప్లికాలో (చదవడానికి ఉంచిన డేటా కాపీలో) కనిపించడానికి కొన్ని సెకన్లు పట్టొచ్చు" అని ఉంటుంది. ఎడిట్ అయ్యాక "సేవ్ చేసిన డేటా లిస్టులో కనిపిస్తుంది" అని మిగులుతుంది. ఆ కొన్ని సెకన్ల మీదే ఎవరో ఇంటిగ్రేషన్ టెస్ట్ రాసి, అది అప్పుడప్పుడు ఫెయిలవుతుంటే తల పట్టుకుంటారు. "ఒకవేళ", "అయితేనే", "వరకు" లాంటి మాటలు తీసేసేముందు డెవలపర్‌ని అడగండి.

ఇంకో రివ్యూ కూడా కావాలి, దీన్ని అందరూ వదిలేస్తారు. ఆ ఫీచర్ ముట్టుకోని డెవలపర్ ఒకరు, కొత్త టెస్ట్ అకౌంట్‌తో, పేజీలో ఉన్న స్టెప్పులు మాత్రమే చేసి చూడాలి. ఫీచర్ రాసిన మనిషి మెషీన్‌లో టోకెన్, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్, అడ్మిన్ హక్కులు ముందే ఉంటాయి కాబట్టి ఆయనకి అన్నీ పనిచేస్తాయి. తప్పిపోయిన స్టెప్పు ఎప్పుడూ మొదటి మూడింటిలోనే దొరుకుతుంది.

అన్నట్టు, ఎర్రర్ మెసేజ్‌లు ఎవరు రాస్తున్నారు? జనం నిజంగా చదివే డాక్యుమెంటేషన్ అదే. మెసేజ్‌లన్నీ ఒకే ఫైల్‌లోకి తెచ్చి ఆ ఫైల్ మార్పులకి రైటర్‌ని రివ్యూయర్‌గా పెట్టండి. "ఇన్‌వాలిడ్ రిక్వెస్ట్" బదులు "ముగింపు తేదీ ప్రారంభ తేదీ కంటే ముందుంది" అని వస్తే ట్రబుల్‌షూటింగ్ పేజీలో ఒక పేరా రాయాల్సిన పనే ఉండదు.

---

ముసాయిదా_మూడు:

చాలా ఉపయోగపడింది, ఇద్దరికీ థాంక్స్. మూడు మాటల పద్ధతి ఈ స్ప్రింట్‌లోనే మొదలుపెడతాం. జనరేట్ అయ్యే రిఫరెన్స్ సంగతి ఎవరైనా చెప్పగలరా? గిట్‌హబ్‌లో రివ్యూయర్లని ఆటోమేటిక్‌గా పిలిపించడం కూడా ప్రయత్నించాం, డాక్స్ ఫోల్డర్‌కి రైటర్ పేరు రాసినా నోటిఫికేషన్ రావట్లేదు.

---

పైప్‌లైన్_పహరా:

నోటిఫికేషన్ సంగతి ముందు. కోడ్‌ఓనర్స్ ఫైల్‌లో (ఏ ఫైల్‌కి ఎవరు రివ్యూయరో గిట్‌హబ్‌కి చెప్పేది) ఒక ఫైల్‌కి చాలా లైన్లు సరిపోలితే చివరి లైన్‌దే మాట. మీరు డాక్స్ లైన్ పైన రాసి, అన్నిటికీ వర్తించే నక్షత్రం గుర్తు లైన్ కింద రాసి ఉంటారు. అది పైదాన్ని మింగేస్తుంది. నక్షత్రం లైన్ పైకి, డాక్స్ లైన్ కిందకి మార్చండి. అయినా రాకపోతే రెండు చూడండి: ఆ వ్యక్తికి రెపోలో రైట్ యాక్సెస్ ఉందా, పుల్ రిక్వెస్ట్ డ్రాఫ్ట్‌లో ఉందా. డ్రాఫ్ట్‌లో ఉన్నంతసేపు ఓనర్లకి పిలుపు వెళ్లదు.

ఓనర్ అప్రూవల్ తప్పనిసరి చేసేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. తొమ్మిది మందికి ఒక్క రైటర్ అంటున్నారు. ఆ మనిషి సెలవులో ఉంటే ఒక అక్షరదోషం దిద్దే మార్పు కూడా కదలదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కుతినా తిననివ్వదు అన్నట్టు తయారవుతుంది. కొత్త పేజీలకి తప్పనిసరి, మిగతావాటికి తెలియజేస్తే చాలు అన్న ఒప్పందం మేలు.

రిఫరెన్స్ విషయానికొస్తే, జనరేట్ అయిన ఫైల్‌ని దిద్దడం వృథా. మీ ఓపెన్‌ఏపీఐ ఫైల్ కోడ్‌లోని యానోటేషన్ల (కోడ్ పక్కన రాసే వివరణ గుర్తుల) నుంచి వస్తోంది కాబట్టి బిల్డ్ ప్రతిసారీ దాన్ని కొత్తగా రాస్తుంది. దారులు రెండు. మొదటిది, రైటర్ నేరుగా సోర్స్ కోడ్‌లోని వివరణలు దిద్దుతూ పుల్ రిక్వెస్ట్ పెట్టడం. డెవలపర్ల పక్కనే మాట ఉంటుంది, కోడ్ మారినప్పుడు కళ్లకి కనబడుతుంది. కానీ కామా మార్చడానికి కూడా మొత్తం టెస్టులు నడుస్తాయి, పొడవైన ఉదాహరణలు కోడ్‌లో ఇమడవు. రెండోది ఓవర్‌లే ఫైల్. దీనికి ఓపెన్‌ఏపీఐ ఇనిషియేటివ్ 2024లో ఓవర్‌లే స్పెసిఫికేషన్ 1.0 ఇచ్చింది. "ఫలానా పాత్‌లోని వివరణ స్థానంలో ఇది పెట్టు" అని జేసన్‌పాత్‌తో (ఫైల్‌లో ఫలానా భాగాన్ని చూపే రాత పద్ధతి) రాసుకుంటే, బిల్డ్ చివర్లో జనరేట్ అయిన ఫైల్ మీద అది వర్తిస్తుంది. చిక్కు ఎక్కడంటే, డెవలపర్ ఎండ్‌పాయింట్ పేరు మారిస్తే జేసన్‌పాత్‌కి ఏదీ తగలదు, మీ వివరణ చడీచప్పుడు లేకుండా మాయమవుతుంది. ఏ చర్యకైనా టార్గెట్ దొరక్కపోతే బిల్డ్ ఆగేలా చెక్ రాసుకోండి. చిన్న వివరణలు కోడ్‌లో, పొడవైనవీ ఉదాహరణలూ ఓవర్‌లేలో పెట్టుకోండి. మీ సైజు టీమ్‌కి నా ఓటు దానికే.

గిట్‌లోకి వచ్చాక మొదటి రోజే పెట్టుకోవాల్సిన నియమం ఒకటి: ఒక వాక్యానికి ఒక లైన్. మార్క్‌డౌన్‌లో మామూలుగా పేజీ చూపించేటప్పుడు లైన్లన్నీ ఒకే పేరాగా కలిసిపోతాయి, కాబట్టి చదివేవాళ్లకి తేడా తెలియదు. రివ్యూలో మాత్రం ఏ వాక్యం మారిందో అదే కనిపిస్తుంది. పేరా మొత్తం ఒకే లైన్‌గా ఉంటే ఒక సంఖ్య మారినా పేరా అంతా ఎర్రగా, పచ్చగా వెలుగుతుంది. ఆ సంఖ్య ఎవరి కంటా పడదు.

కోడ్ ఉదాహరణలు పేజీలో చేత్తో అతికించకండి. టెస్టుల్లో నడిచే ఫైల్ నుంచి ముక్క తెచ్చుకోండి. స్ఫింక్స్ (డాక్స్ పేజీలు తయారుచేసే టూల్) వాడితే దానికి లిటరల్‌ఇన్‌క్లూడ్ ఉంది. అందులో లైన్ నంబర్లు ఇవ్వొద్దు, మొదలు, చివర గుర్తులుగా కామెంట్లు పెట్టి వాటి మధ్యది తెమ్మనండి. లైన్ నంబర్లైతే పైన ఎవరో ఒక ఇంపోర్ట్ చేర్చగానే ఉదాహరణ ఒక లైన్ జారుతుంది, బిల్డ్ పచ్చగానే ఉంటుంది. రస్ట్ భాష వాడేవాళ్లకి ఈ బాధ తక్కువ, డాక్ కామెంట్లలోని ఉదాహరణల్ని కార్గో టెస్ట్ తనే నడుపుతుంది.

శైలి తనిఖీకి వేల్ (రాత నియమాలు సరిచూసే టూల్) పెట్టుకోవచ్చు. కొత్త రూల్‌ని నేరుగా ఎర్రర్ స్థాయిలో పెట్టకండి. పాత పేజీలన్నిటి మీదా వందల ఫిర్యాదులు వచ్చి, డెవలపర్లు ఆ చెక్‌నే తీసేయమంటారు. వార్నింగ్‌తో మొదలుపెట్టి, మారిన ఫైళ్ల మీద మాత్రమే నడపండి. ప్రొడక్ట్ పేర్లు, నిషేధించిన పదాలు లాంటి వాదనకి తావులేని వాటినే ఎర్రర్‌కి ఎక్కించండి. వేల్ ఉన్న చోట "ఈ మాట బదులు ఆ మాట" అనే కామెంట్ మనిషి నోట రాదు, రివ్యూలో కోపతాపాలు తగ్గుతాయి.

ఇంకోటి, లింకులు. కన్సోల్‌లోని "మరింత తెలుసుకోండి" బటన్ పేజీలోని ఒక శీర్షికకి నేరుగా వెళ్తుందనుకోండి. రైటర్ ఆ శీర్షిక మారిస్తే యాంకర్ (ఆ శీర్షికకి లింకులో ఉండే పేరు) కూడా మారుతుంది, లింకు పేజీ పైభాగానికి పోతుంది. 301 రీడైరెక్ట్‌తో (పాత అడ్రసుకి వచ్చినవాళ్లని సర్వర్ కొత్తదానికి పంపడం) దీన్ని పట్టుకోలేరు, ఎందుకంటే యూఆర్‌ఎల్‌లో హ్యాష్ గుర్తు తర్వాతి భాగం అసలు సర్వర్‌కి వెళ్లదు. ప్రొడక్ట్ నుంచి లింకున్న శీర్షికలకి చేత్తో స్థిరమైన ఐడీ ఇవ్వండి. లేదా ప్రొడక్ట్‌లో ఒక చిన్న మధ్య యూఆర్‌ఎల్ పెట్టి, అది ఎక్కడికి వెళ్లాలన్న పట్టిక డాక్స్ రెపోలో ఉంచండి. రెండోదానితో ఇంకో సుఖం ఉంది: లింకు మార్చడానికి ప్రొడక్ట్ రిలీజ్ అక్కర్లేదు.

---

రెండు_రెపోలు:

పైవాళ్లు చెప్పినవాటితో పేచీ లేదు, ఒక్కటి తప్ప. అన్నీ కోడ్ రెపోలోనే పెట్టాలన్నట్టు వినిపిస్తోంది. రిఫరెన్స్ వరకు సరే. గైడ్లు, ట్యుటోరియల్స్ కోడ్ రిలీజ్ బ్రాంచ్‌కి కట్టేస్తే, 3.3 రిలీజ్ అయ్యాక దొరికిన తప్పుని మెయిన్‌లో ఒకసారి, 3.3 బ్రాంచ్‌లో ఒకసారి దిద్దాలి. చెర్రీ-పిక్ (ఒక బ్రాంచ్‌లోని మార్పుని ఇంకోదాంట్లోకి తేవడం) మర్చిపోతే జనం చదివే పేజీలో తప్పు అలాగే ఉంటుంది. ఎప్పుడూ ఒకే వెర్షన్ నడిచే హోస్టెడ్ ఏపీఐ అయితే గైడ్లకి వేరే రెపో సుఖం. కస్టమర్లు తమ సర్వర్లలో పాత వెర్షన్లు నడుపుకునే ప్రొడక్ట్ అయితే కోడ్‌తో పాటే ఉంచి, చెర్రీ-పిక్‌కి ఒక లేబుల్, దాన్ని చూసి పనిచేసే బాట్ పెట్టుకోండి.

---

ముసాయిదా_మూడు:

హోస్టెడ్ ఏపీఐనే, ఒకే వెర్షన్. అయితే గైడ్లు వేరే రెపోలోకి పోతాయి. ఆఖరి ప్రశ్న: వికీలో ఉన్న 200 పైచిలుకు పేజీలు అన్నీ తరలించాలా?

---

అల్పవిరామం:

వద్దు. యంత్రంతో మార్క్‌డౌన్‌కి మారిస్తే పట్టికలు విరుగుతాయి, బొమ్మల లింకులు పోతాయి, మీ ఒక్క రైటర్ నెలలు వాటికే అంకితం. గత మూడు నెలల పేజ్ వ్యూలు, సపోర్ట్ వాళ్లు టికెట్లలో పంపిన డాక్స్ లింకులు, ఈ రెండు జాబితాలు తీసుకోండి. రెండిట్లోనూ ఉన్నవి ముందు తరలించండి. ఒక్కో పేజీ తరలేముందు దాని మెటాడేటాలో ఓనర్ పేరు పడాలి, సరిచూసిన తేదీ కూడా. మనిషి పేరు కంటే టీమ్ పేరు నయం, మనుషులు టీమ్‌లు మారతారు. ఏ టీమూ ఒప్పుకోని పేజీ అంటే ఆ ఫీచర్‌కే దిక్కులేదని అర్థం, అది మేనేజర్ దగ్గర తేలాల్సిన విషయం.

మిగిలినవి వికీలోనే చదవడానికి మాత్రమే ఉంచి, పైన "దీన్ని ఇక అప్‌డేట్ చేయం" అని బ్యానర్ పెట్టండి. తరలించిన పేజీల పాత అడ్రసులకి మాత్రం అదే రోజు రీడైరెక్ట్ పెట్టాలి. సెర్చ్‌లో పాతదీ కొత్తదీ రెండూ కనబడితే జనం పాతదే నొక్కుతారు.